అంచున అలజడి: అసంప్రదాయ అతివాహకాల ఉపరితలంలో ఒడిదుడుకులు

జత కట్టడం, అడుగు కలపడం

అతివాహకత్వం నిలబడాలంటే పదార్థంలో రెండు పనులు జరగాలి. ఎలక్ట్రాన్లు రెండేసి చొప్పున జత కట్టాలి. ఆ జతలన్నీ ఒకే లయలో కదలాలి. 1911 ఏప్రిల్ 8న నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో హైకె కామర్లింగ్ ఓనెస్ బృందం పాదరసాన్ని ద్రవ హీలియంతో చల్లబరిచింది. 4.2 కెల్విన్ల దగ్గర, అంటే సుమారు మైనస్ 269 డిగ్రీల సెల్సియస్ దగ్గర, దాని విద్యుత్ నిరోధం ఒక్కసారిగా మాయమైంది; ఇదే అతివాహకత్వం. అలా ఎందుకు జరిగిందో తెలియడానికి 46 ఏళ్లు పట్టింది. 1957లో జాన్ బార్డీన్, లియోన్ కూపర్, రాబర్ట్ ష్రీఫర్ ముగ్గురూ కలిసి ఎలక్ట్రాన్ల జతలే దీనికి మూలమని చూపించారు. వాటినే కూపర్ జతలు అంటారు.

కోలాటం చూసినవారికి ఈ రెండు షరతులూ సులువుగా అర్థమవుతాయి. ఎదురెదురుగా నిలిచిన ఇద్దరిది ఒక జత. ఎన్ని జతలున్నా, కోలలన్నీ ఒకే తాళానికి తగిలితేనే అది కోలాటమవుతుంది. జతలు విడిపోతే ఆట ఆగిపోతుంది. జతలు విడిపోకుండా తాళం ఒక్కటే తప్పినా ఆట చెదిరిపోతుంది. అతివాహకంలో జతల బలాన్ని ‘పరిమాణం’ అనీ, తాళాన్ని ‘దశ’ అనీ అంటారు. 1950లో విటాలీ గింజ్‌బర్గ్, లెవ్ లాండౌ ఈ రెంటినీ కలిపి ‘క్రమ పరామితి’ అనే ఒకే రాశిగా రాశారు. పదార్థంలో ప్రతి బిందువు దగ్గరా దానికి ఒక పరిమాణం, ఒక దశ ఉంటాయి. దశను చోటుచోటుకీ మార్చాలంటే శక్తి ఖర్చవుతుంది. ఈ ఖర్చునే ‘దశ బిగువు’ అనుకోవచ్చు. బిగువు ఎక్కువగా ఉంటే తాళం తప్పదు. తక్కువగా ఉంటే కొద్దిపాటి వేడికే తాళం చెదురుతుంది.

పాదరసం, సీసం, అల్యూమినియం వంటి సాధారణ అతివాహకాల్లో జత కట్టడం, అడుగు కలపడం ఒకే ఉష్ణోగ్రత దగ్గర జరుగుతాయి. దాన్ని సందిగ్ధ ఉష్ణోగ్రత అంటారు. రాగి ఆక్సైడ్ల వంటి అసంప్రదాయ అతివాహకాల్లో, అందునా వాటి ఉపరితలాల మీద, ఈ రెండు పనులూ విడిపోగలవు. జతలు ఉన్నా తాళం కుదరని స్థితి అక్కడ కొలవగలిగేంత విస్తారమైన ఉష్ణోగ్రతల పట్టీలో ఉండగలదు.

ఒడిదుడుకులు అంటే

నీరు మరగడానికి ముందే గిన్నె అడుగున చిన్న బుడగలు పుట్టి అణగిపోతుంటాయి. అతివాహకంలోనూ ఇటువంటిదే జరుగుతుంది. సందిగ్ధ ఉష్ణోగ్రతకు కాస్త పైన కూపర్ జతలు పుడుతూ విడిపోతూ ఉంటాయి. వాటి ఆయుష్షును సిద్ధాంతం లెక్కకట్టి చెబుతుంది. సందిగ్ధ ఉష్ణోగ్రతకు 1 కెల్విన్ పైన ఒక జత సుమారు 3 పికోసెకన్లు బతుకుతుంది. 10 కెల్విన్ల పైన బతికేది అందులో పదో వంతు మాత్రమే. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లో వంతు. అంత కొద్ది సేపు బతికే జతలైనా కరెంటును మోయడంలో కొంత సాయం చేస్తాయి. అందుకే నిరోధం సున్నాకు పడిపోయే ముందే కొద్దికొద్దిగా తగ్గడం మొదలవుతుంది.

1967లో రోల్ఫ్ గ్లోవర్ పలచని బిస్మత్ పొరల్లో ఈ ముందస్తు తగ్గుదలను కొలిచాడు. మరుసటి ఏడాది సోవియట్ శాస్త్రవేత్తలు లెవ్ అస్లమాజోవ్, అనతోలీ లార్కిన్ దానికి సూత్రం రాశారు. పలచని పొరలో ఈ అదనపు వాహకత్వం లోహం ఏదన్న దానితో సంబంధం లేకుండా, పొర మందం మీద, ఉష్ణోగ్రత సందిగ్ధ స్థాయికి ఎంత దగ్గరగా ఉందన్న దాని మీద ఆధారపడుతుందని ఆ సూత్రం చెబుతుంది.

ఒడిదుడుకులు రెండు రకాలు. జతల సంఖ్య, బలం పెరిగి తరగడం పరిమాణపు ఒడిదుడుకు. జతలు అలాగే ఉండి, ఒక చోటి దశకూ మరో చోటి దశకూ పొంతన కుదరకపోవడం దశ ఒడిదుడుకు. సందిగ్ధ ఉష్ణోగ్రతకు పైన పుట్టి విడిపోయే జతలు మొదటి రకానికి చెందుతాయి. ఉపరితలాల మీద, పలచని పొరల్లో ప్రధాన పాత్ర రెండో రకానిది.

మామూలు లోహాల్లో ఎందుకు కనిపించవు

కూపర్ జతలోని రెండు ఎలక్ట్రాన్లూ పక్కపక్కనే ఉండవు. వాటి మధ్య ఎడాన్ని సంబద్ధతా దూరం అంటారు. అల్యూమినియంలో ఇది సుమారు 1,600 నానోమీటర్లు. అంత పెద్ద పరిధిలో మరో పది లక్షల జతలు ఒకదానిలో ఒకటి అల్లుకుపోయి ఉంటాయి. అన్ని జతలు ఒకచోట చేరినప్పుడు ఏ ఒక్కదాని కుదుపూ లెక్కలోకి రాదు. సగటు ఒక్కటే మిగులుతుంది. ఒడిదుడుకులు బలంగా ఉండే ఉష్ణోగ్రతల పట్టీ పరికరాలకు అందనంత సన్నగా ఉంటుంది.

1986లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ దగ్గర ఐబీఎం ప్రయోగశాలలో జార్జ్ బెడ్నోర్జ్, అలెక్స్ ముల్లర్ లాంథనమ్, బేరియమ్, రాగి, ఆక్సిజన్ కలిసిన పింగాణీ వంటి పదార్థంలో అతివాహకత్వాన్ని కనుగొన్నారు. మరుసటి ఏడాదే ఇట్రియమ్, బేరియమ్, రాగి ఆక్సైడ్ సమ్మేళనంలో సందిగ్ధ ఉష్ణోగ్రత 90 కెల్విన్లు దాటింది. ద్రవ నైట్రోజన్ 77 కెల్విన్ల దగ్గర మరుగుతుంది కాబట్టి చవకైన ఆ ద్రవంతోనే దీన్ని చల్లబరచవచ్చు. వాడుకలో దీనిని వైబీసీఓ అంటారు.

వైబీసీఓలో సంబద్ధతా దూరం రాగి-ఆక్సిజన్ తలం వెంట ఒకటిన్నర నానోమీటర్లు. తలానికి నిలువుగా అంతకన్నా ఎన్నో రెట్లు తక్కువ. అంటే ఒక జత పరిధిలో ఇరుగుపొరుగు జతలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి. సగటు అనే రక్షణ ఇక్కడ లేదు. దీనికి తోడు కరెంటు మోసే జతల సాంద్రత కూడా తక్కువ కావడంతో దశ బిగువు సడలి ఉంటుంది. ఈ తక్కువ బిగువే రాగి ఆక్సైడ్ల సందిగ్ధ ఉష్ణోగ్రతకు హద్దు పెట్టగలదని 1995లో విక్టర్ ఎమరీ, స్టీవెన్ కివెల్సన్ వాదించారు.

గుర్తు మారే జతలు

సాధారణ అతివాహకంలో క్రమ పరామితి అన్ని దిక్కుల్లోనూ ఒకేలా ఉంటుంది. అసంప్రదాయ అతివాహకంలో దిక్కును బట్టి మారుతుంది. రాగి ఆక్సైడ్లలో దాని ఆకారం నాలుగు రేకుల పువ్వులా ఉంటుంది. రాగి-ఆక్సిజన్ బంధాల దిక్కున రేకులు పెద్దవి. పక్కపక్క రేకుల గుర్తులు వేరు: ఒకటి ధనం అయితే పక్కది రుణం. రెండు రేకుల మధ్య, బంధాలకు 45 డిగ్రీల కోణంలో, క్రమ పరామితి సున్నా అవుతుంది. దీనికి డి-తరంగ సౌష్ఠవం అని పేరు. 1994లో ఐబీఎం శాస్త్రవేత్తలు చాంగ్ సుయేయ్, జాన్ కర్ట్‌లీ మూడు స్ఫటికాలు కలిసే చోట వైబీసీఓ ఉంగరం చేసి చూశారు. అందులో అయస్కాంత అభివాహం దానంతట అదే, సరిగ్గా సగం క్వాంటం (అభివాహపు ఒక్క మోతాదులో సగం) మేర చిక్కుకుంది. గుర్తు మారితేనే అది సాధ్యం.

ఈ జతలను కట్టించే శక్తి ఏమిటన్న దానిపై ఏకాభిప్రాయం ఇంకా రాలేదు. రాగి పరమాణువుల అయస్కాంత స్పిన్ల మధ్య పరస్పర చర్యే ముఖ్య కారణమని చాలామంది భావిస్తారు. కారణం ఏదైనా, గుర్తు మారడమనే ఈ ఒక్క లక్షణం ఉపరితలాన్ని పూర్తిగా వేరే ప్రపంచంగా మార్చేస్తుంది.

ఉపరితలం ఏం చేస్తుంది

పదార్థానికి, శూన్యానికి మధ్య ఉండే హద్దు ఒక్కటే ఉపరితలం కాదు. రెండు పదార్థాలు కలిసే చోటు, ఒకే పదార్థంలో వేర్వేరు దిక్కులకు తిరిగిన రెండు స్ఫటిక కణాల నడుమ ఉన్న అతుకు కూడా ఆ కోవలోకే వస్తాయి.

సాధారణ అతివాహకానికి ఉపరితలం హాని చేయదు. పైగా ఒక్కోసారి మేలే చేస్తుంది. 1963లో డానియెల్ సాన్-జామ్, పియెర్-జిల్ ద జెన్ ఒక లెక్క వేశారు. ఉపరితలానికి సమాంతరంగా బలమైన అయస్కాంత క్షేత్రం పెడితే, లోపల అతివాహకత్వం నశించాక కూడా పై పొరలో మిగిలి ఉంటుంది. క్షేత్రం లోపలి హద్దుకు 1.69 రెట్లు పెరిగే దాకా ఆ పొర నిలుస్తుంది. ప్రయోగాలు దీన్ని ధ్రువీకరించాయి.

డి-తరంగ అతివాహకంలో కథ వేరు. ఎలక్ట్రాన్ గోడకు తగిలి వెనుదిరిగినప్పుడు దాని దిక్కు మారుతుంది. స్ఫటికాన్ని రాగి-ఆక్సిజన్ బంధాల వెంట కోస్తే, వెళ్లిన దిక్కులోని రేకు, తిరిగొచ్చిన దిక్కులోని రేకు ఒకే గుర్తుతో ఉంటాయి. అప్పుడు ఇబ్బంది లేదు. బంధాలకు 45 డిగ్రీల కోణంలో కోస్తే మాత్రం ధన రేకులో వెళ్లిన ఎలక్ట్రాన్ రుణ రేకులో తిరిగొస్తుంది. కోలాటంలో ఒక మలుపు తిరగగానే తాళం తలకిందులైనట్టు ఉంటుంది. రెండు గుర్తులూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఉపరితలం దగ్గర, సంబద్ధతా దూరం మేర, జతలు విడిపోతాయి.

విడిపోయిన ఎలక్ట్రాన్లు లోపలికి పోలేవు, ఎందుకంటే లోపల జతను విడగొట్టడానికి కావలసిన కనీస శక్తి, అంటే ‘శక్తి అంతరం’, అడ్డుపడుతుంది. బయటకూ పోలేవు. అంచునే చిక్కుకుని, సరిగ్గా సున్నా శక్తి దగ్గర స్థిరపడతాయి. ఇలాంటి స్థితులు ఉండి తీరాలని 1994లో చియా-రెన్ హు చూపించాడు. మరుసటి ఏడాది యుకియో తనాకా, సతోషి కాషివాయా వాటిని ప్రయోగంలో గుర్తుపట్టే తీరు చెప్పారు. ఉపరితలానికి ఒక లోహాన్ని సన్నని బంధకం మీదుగా కలిపి వోల్టేజిని సున్నాకు తెస్తే వాహకత్వం శిఖరంలా పైకి లేస్తుంది. 45 డిగ్రీల కోతల మీద ఈ శిఖరం కనిపించింది. డి-తరంగ సౌష్ఠవానికి అదే మరో సాక్ష్యమైంది.

ఉపరితలం గరుకుగా ఉన్నా ఇదే ప్రమాదం. సాధారణ అతివాహకంలో అయస్కాంత గుణం లేని మలినాలు జతలను విడదీయవని ఫిలిప్ ఆండర్సన్ 1959లోనే నిరూపించాడు. డి-తరంగ అతివాహకానికి ఆ రక్షణ లేదు. ఎగుడుదిగుడు గోడ ఎలక్ట్రాన్లను అన్ని దిక్కులకూ చెదరగొడుతుంది. ఏ కోతలోనైనా కొన్ని ఎలక్ట్రాన్లు గుర్తు మారే దిక్కులోకి తిరిగివస్తాయి.

సున్నా దగ్గర నిలవలేని గుంపు

లెక్కలేనన్ని ఎలక్ట్రాన్ స్థితులు ఒకే శక్తి దగ్గర గుమిగూడటాన్ని ప్రకృతి సహించదు. ఏ చిన్న మార్పుతోనైనా ఆ గుంపు సగం కిందికి, సగం పైకి చీలితే మొత్తం శక్తి తగ్గుతుంది. అందువల్ల ఉపరితల పొర ఒక కొత్త క్రమంలోకి జారడానికి సిద్ధంగా ఉంటుంది. ఏ క్రమంలోకి అన్నదే ప్రశ్న.

1997లో కవింగ్టన్, ఆయన సహచరులు వైబీసీఓ ఉపరితలం మీద సున్నా వోల్టేజి శిఖరం సుమారు 7 కెల్విన్ల కింద, బయటి అయస్కాంత క్షేత్రం లేకుండానే, రెండుగా చీలడం చూశారు. అదే ఏడాది ఫోగెల్‌స్ట్రోమ్, రైనర్, సాల్స్ దానికి వివరణ ఇచ్చారు. ఉపరితలం దగ్గర బలహీనపడిన డి-తరంగంతో పాటు, అన్ని దిక్కుల్లోనూ ఒకేలా ఉండే రెండో క్రమ పరామితి కూడా మొలుస్తుంది. రెంటి దశల మధ్య 90 డిగ్రీల తేడా ఉంటుంది. ఫలితంగా అంచు వెంట కరెంటు దానంతట అదే పారుతుంది. 2015లో స్వీడన్‌కు చెందిన హోకన్‌సన్, లోఫ్‌వాండర్, ఫోగెల్‌స్ట్రోమ్ మరో మార్గం చూపించారు. రెండో పరామితి అవసరమే లేకుండా, సందిగ్ధ ఉష్ణోగ్రతలో ఐదో వంతు కన్నా కాస్త కింద, ఉపరితలం వెంట ఎదురెదురు దిక్కుల్లో తిరిగే చిన్న చిన్న కరెంటు వలయాల వరుస పుట్టగలదు.

శిఖరం చీలడం అన్ని నమూనాల్లోనూ కనిపించలేదు. కరెంటు పారితే అయస్కాంత క్షేత్రం కూడా పుట్టాలి. కెనడాలోని వాంకూవర్‌లో ట్రయంఫ్ ప్రయోగశాల లిథియం-8 అయాన్లను వైబీసీఓ పొరల దగ్గరకు పంపి వెతికినా బలమైన క్షేత్రమేదీ దొరకలేదు. వలయాల వరుసలో పక్కపక్క వలయాల క్షేత్రాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడం ఒక కారణం కావచ్చు. ఉపరితల పొర రెండు మూడు క్రమాల మధ్య ఊగిసలాడటం ఇంకో కారణం కావచ్చు. ఒక్కో రాగి-ఆక్సిజన్ తలంలో ఈ అంచు దాదాపు ఒకే కొలతలో సాగే సన్నని పట్టీ. అక్కడ వేడి కలిగించే కుదుపులకు అడ్డుకట్ట వేయడం కష్టం. దశ నిలకడగా ఒక దిక్కుకు ఒరగకపోతే, సగటున కొలిచే పరికరానికి ఏదీ అందదు.

పలచని పొరలో సుడులు

ఒడిదుడుకులకు ఉపరితలం అనువుగా ఉండటానికి మరో కారణం దాని మందం. ప్రతి బిందువుకూ పక్కన ఎంతమంది పొరుగువారుంటే అంతగా దశ నిలకడగా ఉంటుంది. మూడు కొలతల పదార్థంలో పైనా కిందా కూడా పొరుగువారుంటారు. పొరలో పక్కవారే ఉంటారు.

1971లో వాదిమ్ బెరెజిన్‌స్కీ, 1973లో జాన్ మైకేల్ కోస్టర్‌లిట్జ్, డేవిడ్ థౌలెస్ రెండు కొలతల పొరలో దశ క్రమం ఎలా నశిస్తుందో వివరించారు. అతివాహక పొరలోనూ దశ గుండ్రంగా తిరిగి చిన్న సుడులు ఏర్పడతాయి. కుడివైపు తిరిగే సుడి, ఎడమవైపు తిరిగే ఎదురుసుడి చల్లదనంలో జంటగా అంటిపెట్టుకుని ఉంటాయి. ఒకదాని తిప్పుడును మరొకటి సరిచేస్తుంది కాబట్టి దూరాన ఉన్న దశకు ఇబ్బంది ఉండదు. ఒక నిర్ణీత ఉష్ణోగ్రత దగ్గర ఈ జంటలు విడిపోతాయి. విడి సుడులు పొరంతా తిరుగుతూ తాళాన్ని చెడగొడతాయి. దశ బిగువు మెల్లగా కాక ఒక్కసారిగా సున్నాకు పడుతుంది. అప్పటికీ కూపర్ జతలు మాత్రం చెక్కుచెదరవు. 2016లో థౌలెస్, కోస్టర్‌లిట్జ్‌లకు, డంకన్ హాల్డేన్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. బెరెజిన్‌స్కీ 1980లోనే చనిపోయాడు.

రాగి ఆక్సైడ్లలో ఇటువంటి సుడుల జాడ సందిగ్ధ ఉష్ణోగ్రతకు పైన కూడా దొరికింది. 2000లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో నై ఫువాన్ ఓంగ్ బృందం ఒక నమూనాకు ఒక చివర వేడి చేసి, అడ్డంగా పుట్టే వోల్టేజిని కొలిచింది. సుడులు వేడి చివర నుంచి చల్లని చివరకు కదిలితే ఆ వోల్టేజి రావాలి. నిరోధం మామూలు స్థాయికి వచ్చాక కూడా అది కొనసాగింది. ఆ సంకేతంలో కొంత భాగం మామూలు ఎలక్ట్రాన్లదే కావచ్చన్న వాదన తరవాత వచ్చింది. సందిగ్ధ ఉష్ణోగ్రతకు దగ్గరలో మాత్రం సుడుల వాటా స్పష్టం.

ఉపరితలాన్ని చదివే సూది

1981లో జ్యూరిక్ ఐబీఎంలోనే గెర్డ్ బిన్నిగ్, హైన్‌రిక్ రోరర్ స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోపు తయారు చేశారు. పరమాణువంత సన్నని మొన ఉన్న సూదిని ఉపరితలానికి తగలకుండా అతి దగ్గరగా నడిపితే, నడుమ ఉన్న ఖాళీని దాటుకుని ఎలక్ట్రాన్లు దూకుతాయి. ఆ కరెంటును బట్టి ప్రతి బిందువు దగ్గరా శక్తి అంతరం ఎంతో తెలుస్తుంది.

ఈ సూదికి బాగా పనికొచ్చేది బిస్మత్, స్ట్రాన్షియమ్, కాల్షియమ్, రాగి ఆక్సైడ్ స్ఫటికం. దాని పొరలు అభ్రకంలా చక్కగా విడిపోయి శుభ్రమైన ఉపరితలాన్నిస్తాయి. చూడగా ఆ ఉపరితలం ఒకే తీరుగా లేదు. కొన్ని నానోమీటర్ల దూరంలోనే శక్తి అంతరం రెట్టింపు దాకా మారుతోంది. 2007లో ప్రిన్స్‌టన్‌లో అలీ యజ్దానీ బృందం ఒకే చోటును వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర చదివింది. సందిగ్ధ ఉష్ణోగ్రత దాటినా చాలా చోట్ల జతల గుర్తులు మిగిలే ఉన్నాయి. ఒక్కో మచ్చ ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర జతలను కోల్పోయింది. గుంపు మొత్తం చెదిరినా అక్కడక్కడ కొన్ని జతలు ఆడుతూనే ఉన్న కోలాటం లాంటి దృశ్యమిది.

ఒకే పొర, రెండు ఉష్ణోగ్రతలు

జత కట్టడం, అడుగు కలపడం వేరు వేరని సూటిగా చూపే పదార్థం ఐరన్ సెలినైడ్. ముద్దగా ఉన్నప్పుడు దాని సందిగ్ధ ఉష్ణోగ్రత సుమారు 8 కెల్విన్లు. 2012లో బీజింగ్‌లోని చింగ్‌హువా విశ్వవిద్యాలయంలో షుయే ఛీకున్ బృందం దాన్ని స్ట్రాన్షియమ్ టైటనేట్ మీద ఒక్క పొరగా పెంచింది. అప్పుడు శక్తి అంతరం కొన్ని రెట్లు పెరిగింది. కింది పదార్థం పొరకు అదనపు ఎలక్ట్రాన్లనిస్తుంది. దాని పరమాణువుల కంపనాలు కూడా జతలకు తోడ్పడతాయని చాలా లెక్కలు చెబుతాయి.

2021లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ బృందం అదే పొర మీద శక్తి అంతరాన్నీ నిరోధాన్నీ కలిపి కొలిచింది. శక్తి అంతరం 70 కెల్విన్లకు పైనే తెరుచుకుంది. నిరోధం సున్నా అయింది మాత్రం 30 కెల్విన్ల దరిదాపుల్లో. ఈ 40 కెల్విన్ల నడిమి పట్టీలో జతలున్నాయి, పొందిక లేదు. ముద్ద లోహంలో పరికరానికి అందనంత సన్నగా ఉండే ఒడిదుడుకుల పట్టీ ఒక్క పొరలో ఇంత వెడల్పయింది.

రెండు కొలతలంటేనే అతివాహకత్వం క్షీణించాలన్న నియమం లేదు. 2019లో షాంఘైలోని ఫుదాన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు బిస్మత్ రాగి ఆక్సైడ్‌ను ఒక్క పొర దాకా ఒలిచి చూశారు. దాని సందిగ్ధ ఉష్ణోగ్రత ముద్ద స్ఫటికానికి దాదాపు సమానంగానే వచ్చింది. ఆ స్ఫటికంలో పొరల మధ్య బంధం మొదటినుంచీ బలహీనమే కాబట్టి, ఒలవడం వల్ల పొర కోల్పోయింది తక్కువ.

ప్లాటినమ్ బిస్మత్ సమ్మేళనంలో ఉపరితలమే లోపలిని మించిపోయింది. లోపల సందిగ్ధ ఉష్ణోగ్రత 1 కెల్విన్ కన్నా తక్కువ. 2024లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రవేత్తలు కాంతితో ఎలక్ట్రాన్లను వెలికి తీసి చూడగా, ఉపరితలానికే పరిమితమైన ఎలక్ట్రాన్లు సుమారు 10 కెల్విన్ల దగ్గరే జత కడుతున్నట్టు తేలింది. కింద మామూలు లోహం, పైన అతి పలచని పొరగా అతివాహకం. ఇంత పలచని పొరలో దశ ఎంత గట్టిగా నిలుస్తుందన్నది ఇప్పుడు పరిశోధనలోని ముఖ్య ప్రశ్న.

అతుకులో పడే మూల్యం

ఉపరితలపు ఈ స్వభావం కరెంటు తీగల తయారీలో నేరుగా అడ్డుపడింది. వైబీసీఓ పొడిని నొక్కి తీగ చేస్తే, అందులో కోట్లాది స్ఫటిక కణాలు తలోదిక్కుకు తిరిగి ఉంటాయి. ప్రతి అతుకూ ఒక ఉపరితలమే. 1988లో ఐబీఎం శాస్త్రవేత్తలు రెండు స్ఫటికాల మధ్య కోణాన్ని మార్చుతూ కొలిస్తే, అతుకు మోయగల గరిష్ఠ కరెంటు కోణంతో పాటు వేగంగా పడిపోయింది. సంబద్ధతా దూరం అతి చిన్నది కావడం వల్ల అతుకులోని కొన్ని పరమాణువుల కలత కూడా జతలను విడదీస్తుంది. రేకుల దిక్కులు కలవకపోవడం వల్ల దశ బిగువు ఇంకా సడలుతుంది.

అందుకే నేటి వైబీసీఓ తీగలు పొడితో చేసినవి కావు. సన్నని లోహపు పట్టీ మీద స్ఫటిక కణాలన్నీ కొద్ది డిగ్రీల తేడాతో ఒకే దిక్కుకు తిరిగి ఉండేలా పొరను పెంచుతారు. ఇలాంటి పట్టీలు ద్రవ నైట్రోజన్ చల్లదనంలో విద్యుత్ కేబుళ్లను, అంతకన్నా ఎక్కువ చలిలో బలమైన అయస్కాంతాలను నడుపుతాయి. జతలు కట్టించడం పదార్థం పని. ఆ జతలు ప్రతి అతుకు దగ్గరా, ప్రతి అంచు దగ్గరా ఒకే తాళంలో నిలిచేలా చూడటం దాన్ని తయారుచేసేవారి పని.